అల్లుడికి హైపో పాఠం

అల్లుడా,

నువ్వు కడిగిన ఫిల్మ్ నెగెటివ్ మీద పాలతెర లాంటిది ఉందని టెన్షన్ పడకు. ఫిల్మ్ పాడవలేదు, డెవలపర్ తర్వాత ఫిల్మ్‌ని వేసే ద్రావణం ఉందే, ఆ హైపో చాలలేదు. ఎక్కువ వెలుగు తగలనీయకుండా కొత్త హైపోలో మళ్లీ వెయ్యి, తేటబడుతుంది.

బొమ్మను బయటికి తెచ్చే మందు డెవలపర్, ఫిల్మ్ మీద వెలుగు తగిలిన చోట నల్ల వెండిని తయారుచేస్తుంది. తగలని చోట సిల్వర్ బ్రోమైడ్ అనే వెండి లవణం అలాగే ఉంటుంది. దాన్ని కరిగించి బయటికి లాగేది హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. 1819లోనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ దీని గుణం కనిపెట్టాడు. ఫొటోగ్రఫీకి అది అక్కరకొచ్చింది మరో ఇరవై ఏళ్లకు!

అయితే తేటబడగానే తీసెయ్యకు. కంటికి కనిపించని వెండి లవణాలు ఇంకా ఫిల్మ్ మీది జిలాటిన్ పూతలో ఉంటాయి, కొన్నేళ్లకు గోధుమరంగు మచ్చలై బయటపడతాయి. కత్తిరించి పారేసే ఫిల్మ్ కొస ఒక ముక్క పగటి వెలుగులోనే హైపోలో వేసి, ఎంతసేపట్లో తేటబడిందో చూడు. ఫిల్మ్‌ని దానికి రెట్టింపు సేపు ఉంచు. కొత్త హైపోకి పట్టిన టైమ్‌ను సీసా మీదే రాసుకో. అది రెట్టింపయిన రోజు ఆ హైపో పని అయిపోయినట్టే. రంగు చూసి, వాసన చూసి చెప్పేవాళ్లను నమ్మకు.

కలిపేటప్పుడు వరస ముఖ్యం. లీటరుకు 240 గ్రాముల గడ్డ హైపో. యాభై డిగ్రీల వేడినీళ్లు తీసుకో, కరిగేకొద్దీ నీళ్లు బాగా చల్లబడిపోతాయి. తర్వాత 15 గ్రాముల సోడియం సల్ఫైట్, ఆపైన 28 శాతం ఎసిటిక్ యాసిడ్ 48 మిల్లీలీటర్లు, 7.5 గ్రాముల బోరిక్ యాసిడ్, చివర్లో 15 గ్రాముల పటిక. సల్ఫైట్ లేకుండా యాసిడ్ పోస్తే గంధకం విడిపోయి తెల్లగా విరిగిపోతుంది. యాసిడ్ కంటే ముందు పటిక వేస్తే అడుగున మడ్డి. పటిక ఎందుకంటావా? జిలాటిన్‌ని గట్టిపరచడానికి. అది లేకుండా మే నెలలో నల్లగొండ ట్యాంకు నీళ్లతో పని చేసి చూడు, జిలాటిన్ ఉబ్బి గోరు తగిలితే లేచొస్తుంది.

మన నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఫిల్మ్ ఆరాక మచ్చలు పెట్టేది మాత్రం బోరునీళ్ల సున్నం. ఆఖరి కడుగు ఫిల్టర్ నీళ్లతో కానివ్వు.

వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, పెరట్లో పారబోయకు. బ్లీచింగ్ పౌడర్ అసలే కలపకు, విషవాయువులు వస్తాయి. బకెట్‌లో పోసి సన్న ఇనుప పీచు వేసి ఉంచితే ఇనుము కరిగి, వెండి నల్లటి మడ్డిగా దిగుతుంది. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ పీచు దీనికి పనికిరాదు, తుప్పు పట్టే రకమే తెచ్చుకో.

నీ మామ