యురేథేన్ బంతికి ఏ గరుకు పెట్టాలి? ముందు అది లేన్ మీద ఎక్కడ పట్టుకోవాలో తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కొత్తగా యురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) పై పొర ఉన్న బౌలింగ్ బంతి కొన్నారు. మొదటి గేములో పాకెట్‌లోకి, అంటే ఒకటో, మూడో పిన్నుల మధ్య సందులోకి చక్కగా వెళ్తోంది. మూడో గేము వచ్చేసరికి అదే చోటు నుంచి అదే వేగంతో వేసినా పదో పిన్ను నిలబడిపోతోంది. గరుకు ప్యాడ్‌తో బంతిని రుద్ది గరుకు పెంచాలా, మెరుగు పెట్టించాలా, లేక నూనె ఎక్కువగా ఉన్న లేన్ల కోసం ఇంకో యురేథేన్ కొనాలా అని అడుగుతున్నారు.

ఇంకో బంతి ఇప్పుడే కొనవద్దు. చేతిలో ఉన్న బంతి పై పొర ఏ స్థితిలో ఉందో తెలియకుండా కొత్తది కొంటే, కొన్నాళ్లకు దానితోనూ ఇదే ఇబ్బంది వస్తుంది. నేను చాలాకాలంగా ఎక్కువగా యురేథేన్‌తోనే ఆడుతున్నాను. ఈ రకం బంతిలో లోపలి కోర్ (బరువు దిమ్మ) కంటే, పైన వేసిన రంగు కంటే, పేరు కంటే పై పొర గరుకే ఎక్కువ మాట్లాడుతుందని నా గట్టి నమ్మకం. అందుకు కారణం ఆ పదార్థంలోనే ఉంది.

యురేథేన్ బంతులు 1980ల మొదట్లో వచ్చాయి. అంతకుముందు రబ్బరు, ఆ తరువాత పాలియెస్టర్ రాజ్యమేలాయి. 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ వచ్చింది. అది కూడా మూలంలో యురేథేనే. కాకపోతే అందులో కలిపే పదార్థాల వల్ల పై పొరలో సూక్ష్మ రంధ్రాలు ఏర్పడి లేన్ మీది నూనెను పీల్చుకుంటాయి. మామూలు యురేథేన్ నూనెను పెద్దగా పీల్చుకోదు. ఒంటికి పూసుకుని తిరుగుతుంది. కాబట్టి నూనె పొరను చీల్చి లేన్‌ను తాకే పనంతా ప్యాడ్‌తో మనం గీసిన సన్నని గీతలే చేయాలి. ఆ గీతలు అరిగిపోతే, తడి గచ్చు మీద అరిగిన చెప్పులాగా బంతి జారుతుంది.

చాలామంది లెక్క ఇలా ఉంటుంది: నూనె ఎక్కువైతే గరుకు, తక్కువైతే మెరుగు. రియాక్టివ్ బంతులకు ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. యురేథేన్‌కు సగమే సరిపోతుంది. ఫౌల్ లైన్ (బంతి వదిలే గీత) నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. ఆ దారిలో బంతి మొదట జారుతుంది, తరువాత మలుపు తీసుకుంటుంది, చివరికి దొర్లుతుంది. గరుకు పెంచితే ఈ మార్పులు ముందుగా మొదలవుతాయి, మలుపు విశాలమైన విల్లులా సాఫీగా సాగుతుంది. నునుపు పెంచితే బంతి దూరం వెళ్లాక గానీ మేలుకోదు, మేలుకున్న చోట పొడిగా ఉంటే ఒక్కసారిగా తిరుగుతుంది. అందుకే నేను ప్యాడ్ పట్టుకునే ముందు, ఈ లేన్ మీద బంతి ఎన్నో అడుగు దగ్గర పట్టు అందుకోవాలి అని ఆలోచిస్తాను. ఎంత తిరగాలి అన్నది ఆ తరువాతి సంగతి.

పొట్టి నూనె పూత ఉన్న లేన్లనే తీసుకోండి. ఫౌల్ లైన్ నుంచి నూనె ఎన్ని అడుగుల దాకా ఉందో, అంటే పూత పొడవెంతో తెలిస్తే, అందులోంచి 31 తీసేయమని ఒక పాత సూత్రం ఉంది. వచ్చిన సంఖ్య, నూనె ముగిసే చోట బంతి ఉండాల్సిన బోర్డు (లేన్‌లోని సన్నని పట్టీ, కుడిచేతివాళ్లకు కుడి అంచు నుంచి లెక్క). పూత 35 అడుగులైతే 4వ బోర్డు, అంటే గట్టర్‌ను (లేన్ పక్క కాలువను) ఆనుకుని నడవాలి. 41 అడుగులైతే 10వ బోర్డు. ఇది అంచనాయే, అయినా మొదటి బంతి వేయడానికి మంచి ఆధారం. 35 అడుగుల పూత మీద చివరి 25 అడుగులు పొడి. అక్కడికి మెరుగు పెట్టిన బంతి శక్తినంతా దాచుకుని వస్తే పొడి తగలగానే అడ్డంగా దూకుతుంది. ఒకటి మొదటి పిన్ను ముక్కు మీద కొడుతుంది, ఇంకొకటి అవతలి వైపుకు దాటిపోతుంది. ఇలాంటి లేన్ మీద నేను 500 లేదా 1000 గరుకుతోనే మొదలుపెడతాను (ప్యాడ్ మీది ఈ సంఖ్య తగ్గే కొద్దీ గరుకు ఎక్కువ). బంతి నూనెలో ఉండగానే కొంత శక్తి ఖర్చు చేసుకుంటుంది, పొడి వచ్చేసరికి నెమ్మదిస్తుంది, చివరి మలుపు నా చెప్పుచేతల్లో ఉంటుంది. పొడి లేన్‌కు గరుకు బంతి ఏమిటని అడిగేవాళ్లకు ఇదే నా సమాధానం. యురేథేన్ అసలు గొప్పతనం కనిపించేది ఈ పొట్టి పూతల మీదే.

మామూలు సెంటర్లలో రోజూ వేసే పూతలో మధ్యలో నూనె చిక్కగా, అంచుల్లో పలుచగా ఉంటుంది. దానికి 1000 నుంచి 2000 మధ్య సరిపోతుంది. అటు నుంచి ఇటు వరకు సమానంగా నూనె పరిచిన పోటీ పూతల మీద మళ్లీ 500 వైపు వెళ్తాను, ఎందుకంటే అక్కడ బంతి ఊహించినట్టు నడవడమే ముఖ్యం. 45 అడుగులు దాటిన పొడవైన పూత మీద మాత్రం, చేతిలో తిప్పే బలం బాగా ఉంటే తప్ప, యురేథేన్‌ను సంచిలో ఉంచి మెరుగు లేని రియాక్టివ్ బంతి తీయండి. ఎంత రుద్దినా ఆ నూనెను దాటి పాకెట్‌కు సరైన కోణంలో చేరడం కష్టం. స్ట్రైక్‌కు, అంటే ఒకే బంతికి పది పిన్నులూ పడడానికి, బాగా కలిసొచ్చే ప్రవేశ కోణం 6 డిగ్రీల దగ్గర ఉంటుంది. యురేథేన్ సహజంగానే అంతకంటే తక్కువ కోణంలో వస్తుంది. పొడవైన నూనె ఆ కోణాన్ని ఇంకా తగ్గిస్తుంది.

ఇప్పుడు మీ పదో పిన్ను. మీది కుడిచేతి వాటం అనుకుని చెబుతున్నాను. అది నిలబడిందన్న ఒక్క విషయంతో ఏదీ తేలదు, పక్కనున్న ఆరో పిన్ను ఏం చేసిందో చూడాలి. అది పైకి లేచి పదో పిన్ను మెడ చుట్టూ తిరిగి వెళ్లిపోతే, బంతి పాకెట్‌లోకి వచ్చేటప్పటికి ఇంకా తిరుగుతూనే ఉందని, దొర్లుడు దశకు చేరలేదని అర్థం. అప్పుడు గరుకు కొంచెం పెంచాలి, లేదా వేగం కాస్త తగ్గించాలి. అలా కాకుండా ఆరో పిన్ను నీరసంగా పడుకుని గట్టర్‌లోకి జారి, పదో పిన్ను ముందు ఒరిగి ఉండిపోతే, బంతి ముందే అలసిపోయింది. దానికి నునుపు కావాలి, లేదా ఇంకాస్త నూనె ఉన్న దారి కావాలి. రెండూ స్కోరు బోర్డు మీద తొమ్మిదిగానే కనబడతాయి, మందులు మాత్రం పూర్తిగా వేరు. దానితోపాటు బంతి ఎక్కడ నుంచి కింద పడుతోందో కూడా గమనించండి. సరైన దెబ్బలో బంతి 1, 3, 5, 9 పిన్నులను తాకుతూ వెళ్తుంది. 5వ పిన్ను నిలబడిపోతోందంటే బంతి పక్కకు తోసుకుపోతోంది, అందులో బలం లేదు.

మూడో గేముకే ఎందుకు మారుతోంది అన్నదానికి రెండు కారణాలు ఉండవచ్చు. యురేథేన్ పూసుకున్న నూనెను తనతోపాటు ముందుకు మోసుకెళ్లి, పొడిగా ఉండాల్సిన చోట పలుచగా వదులుతుంది. మీతోపాటు ఇంకొకరిద్దరు యురేథేన్ ఆడుతుంటే ఇది త్వరగా కనిపిస్తుంది. రియాక్టివ్ అలవాటుతో బంతి పట్టు తప్పగానే ఎడమకు జరిగితే ఇంకా నూనెలోకి వెళ్తారు. ఇక్కడ ఒకటి రెండు బోర్డులు కుడికి జరగడమో, వేగం తగ్గించడమో చేయాలి. రెండో కారణం బంతి మీదే ఉంటుంది. ఆట అయ్యాక, తుడవకముందు బంతిని దీపం కింద నెమ్మదిగా తిప్పి చూడండి. మిగతా ఒళ్లంతా మెరుపు లేకుండా ఉండి, లేన్‌కు తగిలే పట్టీ (ట్రాక్) ఒక్కటే వెండి కమ్మీలా మెరుస్తుంటే, మీరు పెట్టిన 1000 అక్కడ ఇప్పుడు 1000 కాదు. పాత తరహా కోర్ ఉన్న యురేథేన్‌లో బంతి దాదాపు అదే పట్టీ మీద మళ్లీ మళ్లీ దొర్లుతుంది కాబట్టి ఆ మెరుపు ఇంకా త్వరగా వస్తుంది. కొత్త తరహా బలమైన కోర్లలో ట్రాక్ కొంచెం విచ్చుకుంటుంది, అరుగుదల పంచుకుంటుంది.

గరుకు పట్టించే పద్ధతిలో ఓపికే ప్రధానం. ముందు బంతిని క్లీనర్‌తో బాగా తుడవండి. నూనె మీద ప్యాడ్ పెడితే ప్యాడ్ నిండా జిడ్డు పట్టి గీత పడదు. అబ్రలాన్ వంటి నురుగు వెనుకభాగం ఉన్న ప్యాడ్లు గుండ్రని ఒంటి మీద సమంగా కూర్చుంటాయి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు ఉప్పు కాగితం అంచులు గుచ్చుకుని లోతు గీతలు వదులుతుంది, దాన్ని నేను వాడను. ప్యాడ్‌ను తడిపి, స్పిన్నర్ (బంతిని తిప్పే యంత్రం) మీద బంతి తిరుగుతుంటే అరచేతిని పరిచి, ఒకే ఒత్తిడితో, పైనుంచి నడుము దాకా నెమ్మదిగా కదపండి. కాసేపటికి బంతి రంగులోనే పలుచని ముద్ద ప్యాడ్ కింద చేరుతుంది. ఆ ముద్ద చిక్కబడుతుంటే కొంచెం నీళ్లు చల్లండి. ఎండనిస్తే ప్యాడ్ కోయడం మానేసి పాలిష్ చేయడం మొదలుపెడుతుంది. ఒక వైపు అయ్యాక బంతిని పావు వంతు తిప్పి ఇంకో వైపు, అలా నాలుగు వైపులా ఒకే సమయం ఇవ్వండి. నేను ప్రతి వైపుకూ మనసులో లెక్కపెట్టుకుంటాను, లేకపోతే మొదటి వైపుకు ఉన్న శ్రద్ధ నాలుగో వైపుకు ఉండదు. చివర్లో ముద్దను కడిగేసి, వేళ్ల రంధ్రాల్లోకి దిగిన నీటిని గుడ్డతో ఆరబెట్టండి.

స్పిన్నర్ లేకపోతే చేత్తోనూ చేయవచ్చు. అన్ని దిక్కులకూ చిన్న చిన్న వలయాలుగా రుద్దాలి. మెరుస్తున్న పట్టీని మాత్రమే రుద్ది వదిలేయవద్దు, బంతి ఒక్కో చోట ఒక్కోలా ప్రవర్తిస్తుంది.

ప్యాడ్ మీద ఉన్న సంఖ్యను గుడ్డిగా నమ్మకండి. కొత్త 500 ప్యాడ్ వేసిన గీత వేరు, చాలా బంతులు చూసిన 500 ప్యాడ్ వేసిన గీత వేరు. వాడిన ప్రతిసారీ ప్యాడ్ వెనుక పెన్నుతో ఒక గీత పెట్టుకుంటే దాని వయసు తెలుస్తుంది. ఇంకో విషయం: 500 వేసి దాని మీద 2000 వేసిన బంతి, నేరుగా 2000 వేసిన బంతి ఒకటి కావు. మొదటిదాంట్లో లోతు గీతలు అలాగే ఉండి, వాటి పై అంచులు మాత్రమే నునుపవుతాయి. ముందుభాగంలో కొంచెం జారుతూనే మధ్యలో పట్టు చూపిస్తుంది. రోజువారీ పూతకు నాకు బాగా నచ్చిన కలయిక ఇదే.

నియమాల విషయంలో జాగ్రత్త. అమెరికా బౌలింగ్ సమాఖ్య యూఎస్‌బీసీ గుర్తించిన పోటీల్లో, పోటీ మొదలయ్యాక ప్యాడ్‌తో రుద్దడం నిషేధం. 2020 ఆగస్టులో ఆట మధ్యలో ద్రవ క్లీనర్లను కూడా నిషేధించి, పొడి గుడ్డతోనే తుడవాలన్నారు; ఇప్పటి నియమం ఏమిటో ఆడే ముందు కనుక్కోండి. యురేథేన్‌కు ఈ గుడ్డ తప్పనిసరి అలవాటు కావాలి, ప్రతి బంతి తరువాత తుడవాలి. పీల్చుకోని నూనె తుడిస్తేనే పోతుంది. సెకండ్ హ్యాండ్ బంతి కొంటే దాని గట్టిదనం గురించి కూడా అడగండి. యురేథేన్ మెత్తబడే కొద్దీ పట్టు పెరుగుతుంది కాబట్టే నియమాల్లో కనీస గట్టిదనం హద్దు ఉంది. 2016, 2017లో తయారైన పర్పుల్ హ్యామర్ అనే యురేథేన్ బంతులను యూఎస్‌బీసీ 2022లో తన జాతీయ టోర్నమెంట్ల నుంచి తప్పించింది కూడా గట్టిదనం కారణంగానే. సరదా ఆటకు ఇబ్బంది లేదు, పోటీల్లో ఆడాలనుకుంటే మాత్రం సీరియల్ నంబరు చూసి కొనండి.

ఎప్పటికైనా రెండో యురేథేన్ కొనాలనిపిస్తే, ముత్యపు మెరుపు లేని సాలిడ్ పై పొర ముందుగా పట్టుకుంటుంది, పర్ల్ రకం కొంచెం ఆలస్యంగా పట్టుకుంటుంది. ఒకటి సాలిడ్ అయితే రెండోది పర్ల్ ఉండాలి. రెండూ ఒకే రకం కొని గరుకుతో తేడా తెద్దామనుకోవడం నాకు తృప్తినివ్వలేదు. బంతికి తిప్పుడు తక్కువగా ఉండి వేగం ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం యురేథేన్‌ను ప్రధాన బంతిగా నేను సిఫారసు చేయను, దెబ్బ బలహీనంగా ఉంటుంది. దీనితో అద్భుతాలు చేసేది ఎక్కువగా బలంగా తిప్పేవాళ్లే. రెండు చేతులతో ఆడే స్వీడన్ ఆటగాడు యెస్పర్ స్వెన్సన్ ఆట చూస్తే ఆ సాఫీ విల్లు ఎలా ఉండాలో తెలుస్తుంది.

మీరు ఇప్పుడు చేయాల్సింది: బంతిని శుభ్రం చేసి, కొత్త ప్యాడ్‌తో నాలుగు వైపులా 1000 వేయండి. మూడు గేములు ఆడండి. పదో పిన్ను నిలబడిన ప్రతిసారీ ఆరో పిన్ను మెడ చుట్టూ తిరిగిందా, గట్టర్‌లో పడుకుందా రాసుకోండి, ఆట అయ్యాక ట్రాక్ పట్టీ మెరుస్తోందా చూడండి. ఆ వివరాలతోపాటు మీ సెంటర్‌లో పూత ఎన్ని అడుగులో కనుక్కుని ఇక్కడే రాయండి. 500 వైపు వెళ్లాలా 2000 వైపు వెళ్లాలా అన్నది అప్పుడు కచ్చితంగా చెప్పగలను.