వేట తుపాకీ కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నవంబరు మొదటి శనివారం టెక్సాస్‌లో జింకల సీజను మొదలవుతుంది. మొదటిసారి తుపాకీ పట్టబోతున్నవారి నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈ నెల తీసుకున్నాం.

ప్రశ్న: నేను హెచ్-1బి మీద ఉన్నాను. స్నేహితుడు తను లీజుకు తీసుకున్న స్థలంలో అడవిపందుల వేటకు రమ్మంటున్నాడు. ప్రైవేటు స్థలంలో పందులకు లైసెన్సే అక్కర్లేదంటున్నాడు. నమ్మవచ్చా? (ఫ్రిస్కో)

రాష్ట్ర చట్టం వరకు ఆయన మాట నిజం. స్థల యజమాని ఒప్పుకుంటే ప్రైవేటు స్థలంలో అడవిపందులకు 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో వేట లైసెన్సు అవసరం లేదు. మీకు అడ్డొచ్చేది ఫెడరల్ చట్టం. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బి (ఉద్యోగులది), హెచ్-4 (వాళ్ల భార్య లేదా భర్త, పిల్లలది), ఎఫ్-1 (విద్యార్థులది) అన్నీ ఇందులోకే వస్తాయి. ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో మనవాళ్లకు అక్కరకొచ్చేది ఒక్కటే: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. అంటే పందిని కొట్టడానికి అక్కర్లేని లైసెన్సు, తుపాకీ ముట్టుకోవడానికి మీకు కావాలి. తుపాకీ స్నేహితుడిదే అయినా అంతే. మీ ఆవిడ హెచ్-4 మీద ఉంటే ఆవిడ లైసెన్సు ఆవిడకు ఉండాలి, మీది చెల్లదు.

టెక్సాస్‌లో ఆరు నెలలు దాటి ఉంటున్నవారికి సాధారణ లైసెన్సు 25 డాలర్లు. ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. తుపాకీ ఇంట్లో ఉండి, సెప్టెంబరులో కొత్తది తీసుకోవడం మరిచిపోతే తలనొప్పి అక్కడే మొదలవుతుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు నిండినవారు మొత్తం ఆన్‌లైన్‌లోనే పూర్తి చేసుకోవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ వీసా చిక్కు లేదు.

ప్రశ్న: దుకాణంలో యాక్షన్, రిసీవర్, ఛాంబర్ అంటూ గబగబా చెప్పేస్తారు. ఏది ఏమిటి? (ఇర్వింగ్)

తుపాకీని మూడు భాగాలుగా చూడండి. భుజానికి ఆనించేది స్టాక్, మనం తుపాకీ మడమ అనేది దాని చివరనే. గుండు వెళ్లేది గొట్టం. ఈ రెంటి మధ్య, తూటాను (మందు, గుండు కలిసి ఉన్న తొడుగును) లోపలికి తోసి, పేల్చి, ఖాళీ తొడుగును బయటికి లాగే యంత్రాంగమంతా యాక్షన్. దాన్ని మోసే ఇనుప పెట్టె రిసీవర్.

గొట్టానికి వెనక కొసన తూటా కూర్చునే గది ఛాంబర్. తూటాలు నింపి ఉంచే మ్యాగజీన్‌లో ఎన్ని ఉన్నా పేలేది ఛాంబర్‌లో ఉన్నదొక్కటే. కొత్తవాళ్లు ఈ రెంటినీ ఒకటిగా అనుకుంటారు. ఈ పొరపాటు ప్రమాదాలకు దారితీస్తుంది.

రైఫిల్ గొట్టం లోపల మెలిక తిరిగిన గాళ్లుంటాయి. అవి గుండును గిర్రున తిప్పడంవల్ల అది సూటిగా పోతుంది. షాట్‌గన్ గొట్టం సాధారణంగా నున్నగా ఉంటుంది, అందులోంచి ఒకేసారి బోలెడు గుళ్లు పోతాయి. మొదటి రైఫిల్‌గా బోల్ట్ యాక్షన్ మంచిదని మా అభిప్రాయం. బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) పిడి పైకెత్తి వెనక్కి లాగితే ఛాంబర్ కళ్లెదుట తెరుచుకుంటుంది, దాచేదేమీ ఉండదు.

ప్రశ్న: తూటా ఛాంబర్‌లో సరిగ్గా పట్టిందంటే అది ఆ తుపాకీదే కదా? 12 గేజ్, 20 గేజ్ షాట్‌గన్లు రెండూ ఇంట్లో ఉన్నాయి. (కేటీ)

కాదు. ప్రాణం మీదికి తెచ్చే నమ్మకం ఇదే.

మీ ఇంట్లో ఉన్న జంటనే తీసుకోండి. గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. గొట్టం లోపలి వ్యాసమంత సీసపు గోళాలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో ఆ లెక్కే గేజ్. 12 గేజ్ గొట్టం సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్ 15.6. పొరపాటున 20 గేజ్ తూటాను 12 గేజ్ తుపాకీలో వేస్తే, అది ఛాంబర్ దాటి జారి గొట్టం మొదట్లో ఇరుక్కుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్‌మంటుంది, పేలదు. తెరిచి చూస్తే ఛాంబర్ ఖాళీ. వేయడం మరిచిపోయానేమోనని 12 గేజ్ తూటా ఎక్కించి మళ్లీ నొక్కుతారు. వెనక పేలినదానికి ముందుకు దారి ఉండదు కనుక గొట్టం చీలిపోతుంది. అదీ, ముందు చెయ్యి పట్టుకున్న చోటే. 20 గేజ్ తూటాలను పసుపు రంగులో చేసేది ఇందుకే. రెండు రకాలూ ఒకే రోజు, ఒకే సంచిలో పెట్టుకోకండి. చొక్కా జేబులో నిరుడు మిగిలినవి ఏవైనా ఉన్నాయేమో బయల్దేరేముందే దులిపి చూసుకోండి.

పొడవు సంగతీ ఉంది. 3 అంగుళాల తూటా 2¾ అంగుళాల ఛాంబర్‌లో చక్కగా పడుతుంది. ఎందుకంటే ఆ కొలత పేలాక విచ్చుకున్న తొడుగుది. పేలినప్పుడు తొడుగు కొస విచ్చుకోవడానికి చోటు చాలక పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. తాతల నాటి షాట్‌గన్ ఎవరైనా ఇస్తే గొట్టం మీద రాసినది చూడకుండా తూటా కొనకండి.

రైఫిళ్లలోనూ ఇలాంటి జంటలున్నాయి. వాటి పేర్లలోని అంకె సుమారుగా గుండు వ్యాసం, అంగుళాల్లో. .300 బ్లాకౌట్ తూటా కొన్ని .223 రైఫిళ్లలోకి దూరిపోతుంది. లావు గుండు సన్నని గొట్టంలో పోలేక రిసీవర్ పగిలిపోతుంది. మ్యాగజీన్ కూడా రెంటికీ ఒకటే కాబట్టి పట్టిచ్చేది ఏమీ ఉండదు. కాబట్టి గొట్టం మీద చెక్కిన పేరు, పెట్టె మీద పేరు, తూటా అడుగున చుట్టూ కొట్టిన అక్షరాలు, మూడూ కలవాలి. .308 అని ఉంటే .308 విన్చెస్టరే, .30-06 కాదు. రెండూ .308 అంగుళాల గుండునే వాడినా తొడుగులు వేరు.

ప్రశ్న: జింకకు ఏ గుండు? పెట్టె మీద 150 గ్రెయిన్లు అంటే మందు బరువా? (ప్లేనో)

గుండు బరువు. 7,000 గ్రెయిన్లు ఒక పౌను, కాబట్టి 150 గ్రెయిన్లు అంటే 9.7 గ్రాములు. .308లో వైట్‌టెయిల్ జింకకు అది బాగా సరిపోతుంది. సాఫ్ట్ పాయింట్ వంటి, తగిలాక విచ్చుకునే గుండు తీసుకోండి. గురి సాధనకు వాడే, చవగ్గా దొరికే ఫుల్ మెటల్ జాకెట్ గుండ్లు విచ్చుకోకుండా దూసుకుపోతాయి. జంతువు వెంటనే పడదు, గుండు వెనకాల ఎక్కడో తేలుతుంది. చాలా రాష్ట్రాలు జింకకు వాటిని నిషేధించాయి. న్యూజెర్సీలో అయితే జింకకు సెంటర్‌ఫైర్ రైఫిలే (తూటా అడుగున మధ్యలో ప్రైమర్, అంటే మందును అంటించే బిళ్ల, ఉండే రకం) వాడనివ్వరు. బాతులకు వెళ్తే సీసపు గుళ్లు కుదరవు. 1991 నుంచి దేశమంతటా స్టీలు లాంటి విషరహిత గుళ్లే వాడాలి. షాట్‌గన్ మొత్తం మూడు తూటాలకు మించి పట్టకుండా లోపల ప్లగ్ ఉండాలి.

ప్రశ్న: శుభ్రం చేస్తుంటే తుపాకీ పేలిందని వార్తలు చదువుతాం. ఖాళీ తుపాకీ ఎలా పేలుతుంది? (అట్లాంటా)

ఖాళీ తుపాకీ పేలదు. ఖాళీ అనుకున్నది పేలుతుంది. అసలు తప్పు ఎక్కువగా వరసలో జరుగుతుంది.

సెమీ ఆటోమేటిక్‌లో (పేల్చిన ప్రతిసారీ తర్వాతి తూటా దానంతటదే ఎక్కే రకం) ముందు బోల్ట్ లాగి, తర్వాత మ్యాగజీన్ తీశారనుకోండి. లాగినప్పుడు ఛాంబర్‌లోని తూటా బయటపడటం కళ్లారా చూస్తారు. వదిలేసరికి మ్యాగజీన్‌లోంచి ఇంకొకటి ఎక్కి కూర్చుంటుంది. ఇప్పుడు మ్యాగజీన్ తీసి పక్కన పెడతారు. చేతిలో మ్యాగజీన్ ఉంది, నేల మీద తూటా ఉంది, అంతా ఖాళీ అయినట్టే ఉంటుంది.

అందుకే తుపాకీ మూతి (గొట్టం ముందు కొస) మనుషులు లేని వైపు, గోడ అవతల ఎవరూ లేని వైపు పెట్టి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, ముందు మ్యాగజీన్ తీయండి. ఆ తర్వాత బోల్ట్ వెనక్కి లాగి అక్కడే నిలపండి. ఛాంబర్‌లోకి చూడండి, చిటికెనవేలు పెట్టి తడమండి. చీకట్లో కన్ను మోసపోతుంది, వేలు పోదు. పంప్ షాట్‌గన్‌లో గొట్టం కింద గొట్టంలా ఉండే మ్యాగజీన్‌ను కూడా చూడాలి, ఒక్కసారి లాగితే అంతా బయటికి రాదు. తూటాలన్నీ వేరే గదిలో పెట్టాకే నూనె, బ్రష్షు తీయండి. వీలైన తుపాకీలను వెనక నుంచి మూతి వైపు శుభ్రం చేయాలి. మురికి యాక్షన్‌లో పడదు, మూతి అంచు అరగదు.

సేఫ్టీ వేసే ఉంది కదా అంటారు. సేఫ్టీ ట్రిగ్గర్‌ను పనిచేయకుండా ఆపే ఒక చిన్న మీట, అరుగుతుంది, విఫలమవుతుంది. కొన్ని పాత బోల్ట్ రైఫిళ్లలో తూటా తీయాలంటే ముందు సేఫ్టీ వదలాల్సిందే. అలాంటివాటికి మూతి ఎటుందన్నదే మిగిలిన రక్షణ.

ప్రశ్న: ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే? (ఆస్టిన్)

వెంటనే తెరవకండి. ప్రైమర్ ఆలస్యంగా అంటుకునే అవకాశముంది. తుపాకీ గురివైపే ఉంచి కనీసం 30 సెకన్లు, ఓపిక ఉంటే నిమిషం ఆగి, అప్పుడు తూటా తీయండి. దీనికన్నా చెడ్డది, ఢామ్ బదులు ‘టప్’ మని బలహీనంగా పేలడం. గుండు గొట్టంలోనే ఆగిపోయి ఉండవచ్చు. ఇంకొకటి పేల్చకుండా తుపాకీ ఖాళీ చేసి, వెనక నుంచి వెలుతురు కనబడుతుందో లేదో చూడండి. మూతి బురదలోనో మంచులోనో గుచ్చుకున్నా ఇదే పరీక్ష.

ప్రశ్న: రైఫిల్‌కు కొత్త స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగించాను. 25 గజాల్లో మూడు అంగుళాలు కింద తగిలింది, 12 క్లిక్కులు తిప్పినా మారినట్టే లేదు. (రౌండ్ రాక్)

ఒక క్లిక్కుకు పావు అంగుళం అనే లెక్క 100 గజాలకు. 25 గజాల్లో ఒక క్లిక్కుకు అంగుళంలో పదహారో వంతే కదులుతుంది. మూడు అంగుళాలకు 48 క్లిక్కులు కావాలి. అది సరయ్యాక 100 గజాలకు వెళ్లి, ఒక్కోసారి మూడు గుండ్లు పేల్చి, మూడింటి మధ్య బిందువును బట్టి సవరించండి. ఒక్క గుండును చూసి తిప్పకండి. వేటకు తీసుకెళ్లే తూటాతోనే ఇదంతా చేయాలి. కన్ను స్కోప్‌కు మూడున్నర అంగుళాల దూరంలో ఉండాలి. మరీ దగ్గరకు పెడితే వెనుదన్నుకు కనుబొమ మీద చంద్రవంక గాటు పడుతుంది.

ప్రశ్న: కంచె దాటేటప్పుడు? (వేకో)

తూటాలు తీసి, యాక్షన్ తెరిచి, కంచె కింద నుంచి అవతలికి పడుకోబెట్టండి. మూతి మీరు దాటే చోటు వైపు కాకుండా, దానికి దూరంగా తిరిగి ఉండాలి. మడమ వైపు నుంచి దాటి, మడమ పట్టుకుని తీయండి. చెట్టు మీది స్టాండుకు కూడా తుపాకీతో ఎక్కవద్దు. ఖాళీ చేసి, తాడు కట్టి, మూతి కిందికి ఉండేలా తర్వాత పైకి లాగండి.

ప్రశ్న: సంక్రాంతికి ఊరెళ్తున్నాం. తాతగారి లైసెన్సు తుపాకీతో కుందేళ్ల వేటకు వెళ్లొచ్చా? (డల్లాస్)

వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇండియాలో వేట నిషేధం, కుందేలుకూ మినహాయింపు లేదు. ఆయన లైసెన్సు ఆయన తుపాకీ ఉంచుకోవడానికే, మీరు వాడటానికి కాదు.

మీరు అడగని సంగతి ఒకటి. టెక్సాస్‌లో వేటకు వాడిన వీపు సంచితోనే ఇండియాకు వెళ్లకండి. జిప్పు అడుగున జారిపోయిన ఒక్క తూటా తిరుగు ప్రయాణంలో శంషాబాద్ స్కానింగులో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు పడుతుంది. తెలియక వచ్చిందని కోర్టులో తేల్చుకోవచ్చు గానీ, ఆ లోపు విమానం పోతుంది, సెలవు పోతుంది, వీసా స్టాంపింగుకు వెళ్లినప్పుడు ఆ కేసు గురించి చెప్పుకోవాల్సి వస్తుంది. వేట సంచి గ్యారేజీలోనే ఉంచి, ప్రయాణానికి వేరేది కొనుక్కోండి.