ఎన్నారై సందేహాలు: సైకాలజీ డిగ్రీకి ఇంగ్లండు రావచ్చునా?

పర్లాకిమిడిలో ప్లస్ టూ ముగించిన ఒక అమ్మాయి రాసిన ఉత్తరం నా ముందున్నది. ఇంగ్లండులో సైకాలజీ డిగ్రీకి సీటు వచ్చిందట. చలిని ఎలా తట్టుకోవాలి, అన్నం వండుకోవడానికి వీలుంటుందా, ఒక్కతినే గదిలో ఉంటే బెంగ పెట్టుకుంటానేమో, ఆ డిగ్రీ మన దేశంలో చెల్లుతుందా అని నాలుగు ప్రశ్నలు వేసింది. మొత్తం చదువుకు ఎంతవుతుంది, లెక్క తప్పితే మిగతాది ఎవరు కడతారు అన్న ఐదో ప్రశ్న ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. ఆ వయసులో నేనూ అడగలేదు కనుక నిన్ను తప్పు పట్టను తల్లీ. చలికి మంచి కోటు చాలు, అన్నానికి చిన్న కుక్కరు చాలు, బెంగ అందరికీ వేస్తుంది. డబ్బు సంగతి చెబుతాను, నిదానంగా చదువు.

నాది ఒడిశాలోని బరంపురం. నాన్నగారికి పట్టుచీరల దుకాణం ఉండేది. వైద్య కళాశాల ఉన్న ఊరు కావడం వల్ల సైకాలజీ అనగానే మా వీధి వారందరూ నేను తిరిగి వచ్చి అక్కడే పిచ్చి డాక్టరుగా కూర్చుంటానని అనుకున్నారు. ఎంబీబీఎస్ చదివి ఆ తరువాత మానసిక వైద్యం చేసేవారు సైకియాట్రిస్టులని, సైకాలజీ డిగ్రీ చదివినవారు మందుల చీటీ రాయలేరని నాకు తెలుసు. కాని తెలిస్తే డబ్బు పంపడం మానేస్తారేమోనన్న భయంతో ఆ తేడాను నాన్నగారికి రెండేళ్ళ దాకా చెప్పలేదు. నీవు ఈ రాత్రే మీ ఇంట్లో చెప్పు.

నేను 2007లో వచ్చాను. అప్పుడు పౌను సుమారు 80 రూపాయలు; ఇప్పుడది వంద దాటి చాలా కాలమైంది. ఏడాదికి రుసుము కాస్త తక్కువ పడుతున్నదని, సైకాలజీకి మరొక విషయం జతచేసిన ఉమ్మడి డిగ్రీలో చేరాను. తక్కువకు దొరికిందని సంబరపడి ఇంటికి ఫోను కూడా చేశాను. మూడో ఏడు సగం గడిచాక తోటి విద్యార్థులు ఇక్కడి సైకాలజిస్టుల వృత్తి సంఘమైన బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు గురించి మాట్లాడుకుంటుంటే, నా కోర్సుకు ఆ గుర్తింపు లేదన్న సంగతి బయటపడింది. అది లేకపోతే వృత్తిలోకి తీసుకువెళ్ళే పైచదువులకు దారి మూసుకుపోయినట్లే. దానికి మందు ఆ గుర్తింపు తెచ్చిపెట్టే ఒక ఏడాది కన్వర్షన్ కోర్సు, అంటే మరొక ఏడాది రుసుము, మరొక ఏడాది గది అద్దె. నాన్నగారు ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి డబ్బు పంపారు. ఏడాదికి కొంత మిగిల్చానని మురిసిన పిల్ల చివరకు ఒక సంవత్సరపు ఖర్చును నెత్తికెత్తుకున్నది.

ఆ కన్వర్షన్ ఏడాదిలోనే రెండో తెలివితక్కువ పని చేశాను. డిగ్రీ అయినా కన్వర్షన్ అయినా చివర సొంతంగా ఒక పరిశోధన చేసి నివేదిక రాయాలి. స్ట్రూప్ అనే ఆయన 1935లో ప్రకటించిన పరీక్ష ఒకటుంది: ‘ఎరుపు’ అన్న మాటను పచ్చ సిరాతో రాసి, మాటను చదవకుండా సిరా రంగు చెప్పమంటారు, అప్పుడు నోరు తడబడుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే మన పిల్లలకు ఏ భాషలో ఎక్కువ తడబాటు వస్తుందో చూద్దామన్నది నా ఆలోచన. ఆలోచన మంచిదే. శని ఆదివారాలు పనిచేసి కూడబెట్టిన డబ్బుతో విమానం టిక్కెట్టు కొని, క్రిస్మస్ సెలవులకు బరంపురం వెళ్ళి, మేనత్త పిల్లలను, వీధిలోని పిల్లలను ముప్ఫై మందిని మేడమీద కూర్చోబెట్టి నోటుపుస్తకం నింపుకొని వచ్చాను. మా గైడు ఆ పుస్తకాన్ని తెరవలేదు. పరిశోధనలో పాల్గొనేవారికి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఏది, తల్లిదండ్రుల సంతకాలు ఏవి అని అడిగారు. పిల్లలందరూ మావాళ్ళే, సంతకాలు దేనికని ఎదురు ప్రశ్న వేశాను. ఆ మాట గుర్తుకువస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అనుమతికి ముందు సేకరించిన దానిలో ఒక్క అంకె కూడా పనికిరాదని చెప్పి, కోపం లేకుండానే, నా చేతిలో ఒక వ్యాసం పెట్టారు. అది ఒడిశాలోని కంధమాల్‌లో కంధులనే గిరిజనుల పిల్లల మీద సైకాలజిస్టు అజిత్ మహంతి చేసిన పరిశోధన. కంధుల భాష కుయి, ఒడియా రెండూ వచ్చిన పిల్లలు ఒడియా ఒక్కటే వచ్చిన పిల్లల కంటే భాష గురించి ఆలోచించే పరీక్షలలో మెరుగ్గా ఉన్నారని అందులో తేలింది. మా గంజాం పక్క జిల్లా సంగతి తెలుసుకోవడానికి నేను సముద్రాలు దాటి, ఒక విమానం టిక్కెట్టు కూడా తగలేయవలసి వచ్చింది. మీ ఊళ్ళో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలను ఇంట్లో పెట్టుకొని వారి భాష నేర్చుకున్నారు, ఆయనకు ఏ కమిటీ అడ్డు రాలేదు. నీకు వస్తుంది. అనుమతి చేతికి రానిదే టిక్కెట్టు కొనకు.

సైకాలజీ అంటే మనుషుల మనసు చదవడమనుకొని వచ్చేవారికి మొదటి ఏడే గణాంకశాస్త్రం ఎదురవుతుంది. నేను మొదటిసారి తప్పాను. అప్పట్లో ఏడ్పించిన ఆ లెక్కలే ఈ రోజు ఒక స్థానిక ప్రభుత్వ కార్యాలయంలో సర్వేలు విశ్లేషించే ఉద్యోగమై నాకు అన్నం పెడుతున్నాయి. లెక్కల పుస్తకం అటక ఎక్కించి ఉంటే దించు. పాఠ్యపుస్తకాలు కొత్తవి కొనకు, గ్రంథాలయంలో ఉంటాయి. పై తరగతుల వారి ప్రయోగాలలో పాల్గొంటే కొన్నిచోట్ల మార్కులకు లెక్కిస్తారు, కొన్నిచోట్ల గంటకింత అని డబ్బు ఇస్తారు; నామోషీ అని నేను వదులుకున్నాను, నీవు వదులుకోకు.

స్కాట్లండులో ఇదే డిగ్రీకి మూడేళ్ళు కాక నాలుగేళ్ళు పడుతుంది కనుక ఏడాది రుసుము మాత్రమే చూసి మోసపోవద్దు. క్లినికల్ సైకాలజిస్టు, అంటే మందులు రాయకుండా మానసిక సమస్యలకు చికిత్స చేసేవారు, అన్న పేరు వాడుకోవాలంటే 2009 నుంచి ఇక్కడ చట్టప్రకారం నమోదు కావాలి, దానికి డిగ్రీ తరువాత మూడేళ్ళ డాక్టరేటు ఉన్నది. అందులో ప్రభుత్వం డబ్బు పెట్టే సీట్లు ప్రధానంగా ఇక్కడి స్థిరనివాసులకోసమే, అందుకని దానిని మీ లెక్కలో వేసుకోకండి. ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు కావాలి, ఒక్క డిగ్రీతో అది రాదు. ఆ నిబంధనలు, వీసా మీద వారానికి 20 గంటల పని నిబంధన, బ్యాంకులో చూపవలసిన మొత్తం అధికారిక చోట్ల దొరుకుతాయి, చూసుకో. ఆ 20 గంటల సంపాదన తిండికి సాయపడుతుందేమో గాని రుసుముకు ఆనదు. కడతానని నాన్నగారికి మాట ఇచ్చి నేను నిలబెట్టుకోలేకపోయాను.

బరంపురం అప్పడాలు, ఒక సీసా ఆవకాయ తెచ్చుకో, ఎక్కువ వద్దు, అదనపు బరువుకు విమానంవారు తీసుకునే సొమ్ముతో ఇక్కడ నెల కూరలు వస్తాయి. నీ కోర్సు పూర్తి పేరు, అది ఎన్నేళ్ళు, సొసైటీ గుర్తింపు పొందిన కోర్సుల జాబితాలో ఉన్నదో లేదో, మీ నాన్నగారు దేనిమీద అప్పు తెస్తున్నారో, ఈ నాలుగూ మొదటి రుసుము కట్టే లోపల నాకు రాసి పంపు. కూడిక నేను వేసి చూపిస్తాను.