శివరాత్రికి పూయాలంటే అట్లతద్దికి చల్లాలి

అమ్మడూ,

పెరడంతా కంకరే, ఇందులో పూలేం పూస్తాయని దిగులు పడుతున్నావు. అరిజోనాలో చాండ్లర్ లాంటి చోట ఆ కంకరే నీకు కలిసొస్తుంది. సొనోరా ఎడారి అడవిపూలకి ఎరువూ అక్కర్లేదు, తోటమన్నూ అక్కర్లేదు. అదను తప్పకూడదు, అంతే. శివరాత్రి నుంచి ఉగాది దాకా పూలు చూడాలంటే అట్లతద్దికీ కార్తీక పౌర్ణమికీ మధ్య విత్తనం నేలమీద పడాలి. ఇవి చలికాలపు వానలకి మొలిచి, నెమ్మదిగా వేరు దింపుకుని, ఎండలు ముదిరేలోగా పూసి కాసి ఎండిపోయే మొక్కలు. మార్చిలో విత్తనాలు కొంటే వచ్చే అక్టోబరు దాకా దాచుకోవాల్సిందే.

ముందు ఒక మూల కంకర తోసి చూడు. కింద నల్లగుడ్డ పరిచి ఉంటే వేరు దిగదు, ఆ మేరకు కోసి తీసేయి. తేళ్లు రాళ్లకిందే ఉంటాయి, చేతొడుగులూ మూసిన చెప్పులూ లేకుండా తియ్యకు. ఇంకో సంగతి, కలుపు మొలవకుండా ముందే కొట్టే మందు ఇక్కడ చాలామంది వాడతారు. ఆ మందుకి కలుపు ఏదో పువ్వు ఏదో తెలియదు. ఒకసారి కొడితే నెలల తరబడి ఏదీ మొలవనివ్వదు. విత్తనం పుచ్చుదని తిట్టుకుంటాం గానీ చాలాసార్లు కారణం ఇదే. తోటపనివాళ్లకి ముందుగానే వద్దని చెప్పు.

మొదటి ఏడాదికి మెక్సికన్ గోల్డ్ పాపీ, లూపిన్ చాలు. వంద చదరపు అడుగులకి అర ఔన్సు, అంటే సుమారు 15 గ్రాములు. పాపీ గింజ చాలా చిన్నది, అందుకని నాలుగింతలు పొడి ఇసుక కలిపి చల్లు, లేకపోతే ఒకేచోట గుట్టగా పడుతుంది. లూపిన్ గింజ పైతోలు గట్టిది, రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టు. చల్లాక పళ్లచీపురుతో పైపైన ఒకసారి లాగు. లోతుగా పూడిస్తే రావు.

మొలిచేదాకా, అంటే రెండు మూడు వారాలు, పైమన్ను ఆరకుండా రోజూ సన్నగా జల్లు. ఆ తర్వాత వాన లేని వారానికి ఒక తడి చాలు. జాలిపడి ఎక్కువ పోస్తే ఆకు గుబురుగా పెరిగి, మొక్క వాలిపోయి, పూత తగ్గుతుంది. ఎరువు వేసినా అంతే. క్వెయిల్ పిట్టలూ కుందేళ్లూ లేతమొలకల్ని ఒక్క పూటలో ఖాళీ చేస్తాయి. కోళ్లకి కట్టే ఇనుప వల జానెడు ఎత్తుకి కప్పి ఉంచు. పాపీని పీకి వేరేచోట నాటకు, పొడుగు తల్లివేరు తెగితే బతకదు.

మొలకని కలుపు అనుకుని పీకేస్తావేమో!  పాపీ ఆకులు సోయాకూరలా సన్నగా వస్తాయి. మొగ్గ మీద కోసుగా పచ్చని టోపీ ఒకటి ఉంటుంది. విచ్చుకునే పొద్దున పువ్వు దాన్ని పైకి నెట్టేస్తుంది. తొమ్మిదింటికి వేలితో తాకితే ఊడి చేతిలోకి వస్తుంది, లోపల రేకులు ఇంకా చుట్టుకునే ఉంటాయి. ఆ ఒక్కటీ చూడటానికి పిల్లల్ని లేపు.

కొండలమీది పూలు చూడాలంటే టుసాన్ దారిలో ఐ-10 హైవే మీద 219వ ఎగ్జిట్ దగ్గర పికాచో పీక్ పార్కు ఉంది. పదిన్నరకి ముందు వెళ్లకు. మబ్బు, చలి, గాలి ఉంటే పాపీ ముడుచుకునే ఉంటుంది. ముందటి చలికాలం వానలు సరిగా పడని ఏడాది అంత దూరం పోవద్దు. పూలకి పేరున్న ఇంకో చోటు పెరిడాట్ మీసా, అది శాన్ కార్లోస్ అపాచీ తెగవాళ్ల నేల, వాళ్ల పర్మిట్ కొనుక్కునే అడుగుపెట్టాలి. ఫొటోల కోసం పూలలో కూర్చోకు. తొక్కిన మొక్క గింజ కట్టదు, వచ్చే ఏడు అక్కడ బోడినేలే. ఎండ కాసే మార్చిలో పాములూ బయటికొస్తాయి, దారి వదలద్దు. సంచీలో ఒక దువ్వెన పెట్టుకో. చోయా అనే జెముడు మొక్క ముళ్లకాయ అంటుకుంటే చేత్తో లాగకుండా, దువ్వెన కిందికి జొప్పించి విసిరెయ్యాలి.

గుండ్రటి పసుపు బొత్తాల్లాంటి పూలతో, ఘాటు వాసనతో ఒక మొక్క మొలుస్తుంది, స్టింక్‌నెట్ అంటారు. అందంగా ఉందని ఉంచకు. అది బయటినుంచి వచ్చిన కలుపు, ఎండితే మంట అందుకుంటుంది. గింజ పట్టకముందే వేరుతో పీకి, సంచీలో మూటకట్టి చెత్తబుట్టలో పడెయ్యి.

పూలు వాడే రోజులే వడియాలకి మంచివి. ఇక్కడి పొడిగాలికి మినప వడియం పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. మొదటిరోజు మీద పల్చటి పంచె కప్పు, పాలో వెర్డే చెట్ల నుంచి రాలే పసుపు పూలు కూడా పడకుండా ఉంటుంది.

ఏప్రిల్లో పాపీ కాయలు గడ్డిరంగుకి తిరగగానే మధ్యాహ్నంలోపు కోసెయ్యి. ఎండ తగిలితే టప్పున చిట్లి గింజలు అవతలికి పోతాయి. కాగితం సంచీలోనే వెయ్యి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది. సగం కాయలు మొక్కకే వదిలెయ్యి, అవి తమంతట తామే చల్లుకుంటాయి.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ