టెక్ సందేహాలు: ఏటా అవే తప్పులు

ఇంజినీరింగ్ కళాశాలలో తొమ్మిదేళ్లుగా మొదటి సంవత్సరం వాళ్లకు సీ, పైథాన్ చెబుతున్నాను. ఏటా పిల్లలు మారతారు, తప్పులు మాత్రం అవే. వీటి మీదే పరిశోధన చేస్తానంటే ‘అది కంప్యూటర్ సైన్సా, బీఎడ్డా?’ అని మా హెచ్ఓడీ నవ్వుతున్నారు. నిజంగా ఇలాంటి వృత్తి ఉందా? పిల్లలు ప్రోగ్రాం రాస్తూ పైకి చెప్పుకునే మాటలను, స్క్రీన్‌ను కలిపి రికార్డు చేయడానికి ఏది మంచిది?
*– ఒక అధ్యాపకురాలు, దిల్‌సుఖ్‌నగర్*

చివరి ప్రశ్న చిన్నది, ముందు దాని సంగతి చూద్దాం. ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. సెట్టింగ్స్‌లో రికార్డింగ్ ఫార్మాట్‌ను ఎంకేవీగా పెట్టుకోండి. మామూలు ఎంపీ4లో అయితే మధ్యలో కరెంటు పోయినప్పుడు గంటసేపటి రికార్డింగు అసలు తెరుచుకోకపోవచ్చు. ఎంకేవీలో కరెంటు పోయిన క్షణం వరకు దక్కుతుంది. తర్వాత ఫైల్ మెనూలోని రీమక్స్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు. స్క్రీన్ మీద ఉండేది అక్షరాలే కాబట్టి సెకనుకు 10 ఫ్రేములు చాలు. ల్యాప్‌టాప్ మైకును నమ్ముకుంటే ల్యాబ్ ఫ్యాన్ల హోరే వినిపిస్తుంది, కాలరుకు తగిలించే వైరు మైకు తీసుకోండి.

ఇంకో మాట. ఇంటర్నల్ మార్కులు వేసేది మీరే అయితే, రికార్డు చేసుకోనా అని మీరు అడిగినప్పుడు ఏ విద్యార్థీ కాదనడు. దాన్ని అంగీకారం అనలేం. సంతకాలు మరో అధ్యాపకుల చేత తీయించండి, మార్కులు ఖరారయ్యేదాకా ఆ రికార్డింగులు తెరవకండి.

ఇక మీ హెచ్ఓడీ గారి నవ్వు. ఆయనకు ఒక చిన్న లెక్క ఇవ్వండి. రోజువారీ వర్షపాతం అంకెలు వరసగా వస్తాయి, 99999 వస్తే ఆగిపోవాలి, అప్పటిదాకా వచ్చిన వాటి సగటు చెప్పాలి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రోజుల్లో ఎలియట్ సొలొవే అనే పరిశోధకుడు కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన ప్రశ్న ఇది. చూడటానికి పది నిమిషాల పని. మూడు రోజుల వాన 20, 10, 30 మిల్లీమీటర్లు అనుకోండి, సగటు 20 రావాలి. ఆగమని చెప్పే 99999ను కూడా వానలోనే కలిపేసుకున్న విద్యార్థికి 25,014.75 వస్తుంది. అంటే రోజుకు 25 మీటర్ల వాన. చార్మినార్ దాదాపు సగం మునగాలి! మొదటి అంకే 99999 అయితే సున్నాతో భాగించబోయి ప్రోగ్రాం కుప్పకూలుతుంది. వీళ్లకు లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) రాదా అంటే వచ్చు, కూడిక వచ్చు, ఇఫ్ (షరతు పెట్టడం) కూడా వచ్చు. రానిది ఈ మూడింటినీ ఏ వరసలో అతకాలో. మనం విడివిడిగా చెప్పి, అతుకు వాళ్లే వేసుకుంటారని వదిలేశాం.

ఇది ఒక్క యేల్ పిల్లల సంగతి కాదు. 2001లో నాలుగు విశ్వవిద్యాలయాల్లో ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు చదివిన 216 మందికి మెక్‌క్రాకెన్ అనే పరిశోధకుడి బృందం పరీక్ష పెడితే, 110 మార్కులకు సగటున 22.89 వచ్చింది. పిల్లలు బద్ధకస్తులన్న పాత జవాబు ఆ అంకె ముందు నిలవలేదు.

వృత్తి ఎలా సాగుతుందో చెప్పడానికి ఆ సొలొవే శిష్యుడే ఉదాహరణ. మార్క్ గుజ్డయల్ 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు, విద్యాశాస్త్రం రెండూ కలిపిన పీహెచ్‌డీ పూర్తిచేసి, అమెరికాలోనే జార్జియా టెక్ అనే మరో విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ 1999 నుంచి ఏ శాఖవారైనా కంప్యూటర్ కోర్సు చదవాల్సిందే. ఆర్కిటెక్చర్, మేనేజ్‌మెంట్ విద్యార్థులు అందులో తప్పుతుంటే ఆయన ఉదాహరణలు మార్చేశారు. ప్రధాన సంఖ్యల బదులు ఫొటోలు, శబ్దాలు తెచ్చారు. లూప్ అంటే ఫొటోలోని ప్రతి చుక్కలోనూ ఎరుపును తగ్గించడం. లూప్ అదే, కానీ కోర్సు మధ్యలో మానేసేవాళ్లు, తప్పేవాళ్లు తగ్గారు. పాతికేళ్లు అక్కడే పనిచేసి 2018లో తిరిగి మిషిగన్ చేరారు. కాబట్టి వృత్తి ఉంది. ఐసర్ (ICER, మన ఐఐఎస్ఈఆర్ కాదు) అనే అంతర్జాతీయ సదస్సు 2005 నుంచి కేవలం ఈ విషయం మీదే జరుగుతోంది. ఇక్కడ అయితే ఐఐటీ బొంబాయిలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీలో పీహెచ్‌డీ ఉంది, కంప్యూటర్ నిపుణుల సంఘమైన ఏసీఎం ఇండియా వారి కంప్యూట్ సదస్సు ఉంది. సులువైన దారి మాత్రం కాదు. కంప్యూటర్ వాళ్లు మిమ్మల్ని టీచరంటారు, విద్యాశాస్త్రం వాళ్లు ఇంజినీరంటారు.

మొదలుపెట్టడానికి నిధులేమీ అక్కర్లేదు. రేపటి తరగతిలో బోర్డు మీద మూడు వరసలు రాయండి: ఎ = 5, బి = ఎ, ఎ = 7. ఇప్పుడు బి ఎంత? కొందరు 7 అంటారు. తప్పు అని తుడిచేయకండి, ఎందుకని అడగండి. ‘బి, ఎ సమానమని మీరే రాశారు కదా మేడమ్’ అంటారు. ఇంటర్ రెండేళ్లూ లెక్కల మాస్టారు ఆ గుర్తుకు చెప్పిన అర్థం అదే మరి! సమానం అంటే ఎప్పటికీ సమానమే. మన దగ్గర మాత్రం కుడివైపు విలువను ఎడమ డబ్బాలో పడేయడం, అందుకే బి 5గానే ఉంటుంది. ఎ = ఎ + 1 అని రాస్తే ఆ మాస్టారు సున్నా వేసేవారు, మనం పదికి పది వేస్తాం. ఆ కుర్రాడి మాటను అన్నది అన్నట్టుగా నోట్‌బుక్‌లో రాసుకోండి, పక్కన తేదీ వేయండి. తొమ్మిదేళ్ల క్రితమే రాయడం మొదలుపెట్టి ఉంటే ఈపాటికి మీ చేతిలో సగం థీసిస్ ఉండేది.

అమీర్‌పేటలో పైథాన్ కోర్సు చేస్తున్నాను. చాట్‌బాట్ ఇచ్చిన కోడ్ చక్కగా పనిచేస్తోంది కానీ, ఇంటర్వ్యూలో ఒక్క వరస కూడా వివరించలేకపోయాను. ఏ యాప్ వాడాలి?
*– ఒక విద్యార్థి, ఎర్రగడ్డ*

పైథాన్ ట్యూటర్ వెబ్‌సైట్ తెరిచి చాట్‌బాట్ ఇచ్చిన కోడ్‌నే అందులో అతికించండి. ఒక్కో వరస నడుస్తుంటే ఏ వేరియబుల్‌లో ఏ విలువ మారిందో బొమ్మ గీసి చూపిస్తుంది. ఒకటే షరతు: ‘తర్వాత’ మీట నొక్కే ముందు ఏం మారబోతుందో కాగితం మీద రాయాలి. రాయకుండా నొక్కుకుంటూ పోతే సినిమా చూసినట్టే. రెండో పని, అదే కోడ్‌లో వరసలను కలగాపులగం చేసి ఇమ్మని చాట్‌బాట్‌నే అడగండి, మర్నాడు మీరు సరైన క్రమంలో పేర్చండి. పార్సన్స్ అనే అధ్యాపకురాలు, ఆమె సహోద్యోగి 2006లో న్యూజిలాండ్ నుంచి ప్రచురించిన పద్ధతి ఇది. మెట్రోలో కూర్చునైనా చేయవచ్చు.

ఆరో తరగతి పాపకు స్క్రాచ్ నేర్పాలని ఉంది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?
*– ఒక తల్లి, సైనిక్‌పురి*

వద్దు. స్క్రాచ్ అంటే రంగు దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం తయారుచేయడం. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే బ్రౌజర్‌లోనే నడుస్తుంది, 3.0 వెర్షన్ నుంచి ట్యాబ్‌లోనూ పనిచేస్తుంది. ఫోన్ తెర చిన్నది, దిమ్మెలు జరపడానికి వేలు అడ్డొస్తుంది. ఆ డబ్బుతో ఒక మంచి మౌస్ కొని, మిగిలింది దాచుకోండి.