కాలనీలో పెద్ద శిల్పం పెట్టాలనుకుంటున్న అల్లుడికి

అల్లుడా,

నల్లగొండ నుంచి మామ ఆశీస్సులు. అక్క, బావ బాగున్నారనుకుంటా.

నువ్వు వాట్సాప్‌లో పంపిన డిజైన్ చూశాను. మహబూబ్‌నగర్‌లో మీ కాలనీ పార్కు మధ్యలో ఇరవై అడుగుల ఫైబర్ నెమలి, దాని చుట్టూ ఫౌంటెన్, రాత్రయితే రంగులు మారే లైట్లు. కమిటీ కార్యదర్శివైన మొదటి ఏడాదే ఇంత పెద్ద పని నెత్తినేసుకున్నావు, సంతోషమే. మున్సిపల్ ఇంజినీరింగ్‌లో నా నౌకరీ అంతా రోడ్లు, మోరీలు, విగ్రహాల గద్దెలతోనే గడిచింది కాబట్టి అడక్కున్నా చెబుతున్నా. ఆ నెమలికి అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే ఈ ఉత్తరం ఇంకా జాగ్రత్తగా చదువు.

చౌరస్తాలో పెట్టే బొమ్మ లెక్క వేరు, కాలనీలో పెట్టేదాని లెక్క వేరు. క్లాక్‌టవర్ దగ్గర బస్సులో పోయేవాడికి బొమ్మ అర నిమిషం కనబడుతుంది, అందుకని అక్కడ ఎత్తు కావాలి. మీ పార్కులో అట్ల కాదు. పాల ప్యాకెట్‌కు పోయేవాళ్లు, వాకింగ్ చేసే రిటైర్డ్ సార్లు, స్కూలు బస్సు కోసం నిలబడే పిల్లలు, అందరూ రోజూ అవే మనుషులు. పదడుగుల దూరం నుంచి, ముప్పై ఏళ్లపాటు చూస్తారు. ముట్టుకుంటారు, ఆనుకుంటారు, పోరగాళ్లయితే ఎక్కి కూర్చుంటారు. ఇరవై అడుగుల నెమలి దగ్గర నిలబడితే వాళ్లకు కనబడేది దాని కాళ్లే. ఎనిమిది, తొమ్మిది అడుగులు దాటొద్దని నా మాట.

ఇక్కడికి వచ్చినప్పుడల్లా పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసి, గర్భగుడిలో పడే నీడ గురించి మాట్లాడుకుని పోతారు మీరంతా. ఈసారి పక్కనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయానికి తీసుకుపోతా. కందూరు చోడ రాజుల కాలం పని. అక్కడ నల్లరాతి గోడల మీద చిన్న చిన్న బొమ్మలు వరుసగా చెక్కి ఉంటాయి. దగ్గరికి పోయి, తల కొంచెం వంచి, ఒక్కో బొమ్మనూ చూసుకుంటూ నడవాలి. రోజూ చూసినా ఇంకేదో మిగిలే ఉంటుంది. కాలనీకి కావలసింది అటువంటి పని.

ముందు చోటు తేల్చుకో. పార్కు నడిమధ్యలో అని గీశారు మీవాళ్లు. మరి బతుకమ్మ ఎక్కడ ఆడతారు? వినాయకుడి మండపం ఎక్కడ వేస్తారు? ఈ రెండు ప్రశ్నలూ కమిటీ మీటింగులో మగవాళ్లను అడిగితే 'సర్దుకుంటార్లే' అంటారు. మీ అమ్మను అడుగు, ఆడవాళ్లను నలుగురిని పిలిచి అడుగు. బతుకమ్మలు మధ్యలో పెట్టి చుట్టూ రెండు వరసలు తిరగాలంటే ఎంత జాగా కావాలో వాళ్లు నడిచి చూపిస్తారు. ఆ గుండ్రం వదిలేసి, ఒక అంచున, సాయంత్రం నీడ పడే వైపు చూసుకో. శిల్పం పక్కన కూర్చోవడానికి రాతి బల్ల పడితే అక్కడ మనుషులు ఆగుతారు. ఎండలో ఒంటరిగా నిలబెడితే కుక్కలు తప్ప ఎవరూ రారు.

న్యూయార్క్‌లో 1981లో ఒక ప్రభుత్వ ఆఫీసు ముందరి ఖాళీ జాగాలో రిచర్డ్ సెర్రా అనే పెద్ద శిల్పి 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న ఇనుప గోడ నిలబెట్టాడు. శిల్పంగా గొప్పదే అన్నారు. కానీ రోజూ ఆఫీసుకు పోయేవాళ్లు దాన్ని చుట్టి నడవాల్సి వచ్చింది. గొడవ, విచారణ, కోర్టు అన్నీ అయ్యాక 1989లో ముక్కలు చేసి తీసేశారు. పేరున్న శిల్పికే దిక్కులేకపోతే మన నెమలి ఎంత?

చోటు అనుకున్నాక ఒక పని చెయ్యి, ఖర్చు పెద్దగా ఉండదు. వెదురు బొంగులు, పాత గుడ్డలతో బొమ్మ అసలు ఎత్తు, వెడల్పు వచ్చేట్టు అక్కడ కట్టి ఒక వారం ఉంచు. మలుపు తిరిగే బండ్లకు ఎదురు కనబడుతుందో లేదో, ఎవరి గేటుకు అడ్డమొస్తుందో, పైన కరెంటు వైర్లు ఎంత దగ్గరున్నాయో ఆ వారంలో తేలిపోతుంది. తిట్టేవాళ్లు తిట్టేదేదో వెదురును చూసే తిడతారు, అది మేలు.

పర్మిషన్ సంగతి. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జనం వాడుకునే స్థలాల్లో కొత్తగా విగ్రహాలు పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు. వీధుల అభివృద్ధికి, సుందరీకరణకు చేసే పనులను అందులోనే మినహాయించారు. అందుకని మీది నాయకుడి విగ్రహమో దేవుడి విగ్రహమో అయితే ఆశ వదులుకో. ఏ మనిషినీ పోలని శిల్పం అయితే, పార్కు సుందరీకరణ కింద దరఖాస్తు పెట్టు. ఆ జాగా లేఅవుట్ వేసినప్పుడు గిఫ్ట్ డీడ్ (దానపత్రం)తో మున్సిపాలిటీకి పోయిందా, ఇంకా ఎవరి పేరు మీదైనా ఉందా చూసుకో. కమిషనర్ సంతకంతో కాగితం చేతికొచ్చాకే గుంత తవ్వాలి. ఎవరో 'నేను చూసుకుంటా, మీరు కానియ్యండి' అంటే విని నవ్వి ఊరుకో. మనిషి బొమ్మ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎవరి బొమ్మ పెట్టినా ఇంకొకరి బొమ్మ ఎందుకు లేదనే పంచాయితీ మొదలవుతుంది. ఎలక్షన్ కోడ్ వస్తే దానికి ముసుగు కట్టే పని కూడా మీకే పడుతుంది.

ఇక అసలు విషయం, దేనితో చేయించాలి. ఫైబర్ చవక, తేలిక, తొందరగా అయిపోతుంది. మట్టితో నమూనా చేసి, దాని మీద అచ్చు తీసి, అచ్చులో గాజు నార, రెజిన్ అనే జిగురు పొరలు పొరలుగా వేస్తారు. కొత్తలో మిలమిలా మెరుస్తుంది. మన ఎండలకు అది ఏమవుతుందో ఈమధ్య ఒక ఊరి పార్కులో చూశాను. ఫైబర్ జింక వీపు మీద అరచేయి పెట్టి తీస్తే చేతికి సున్నం పూసినట్టు తెల్లటి పొడి అంటింది. వెనక కాలి మడమ దగ్గర పగిలి గాజు నార బయటికి వచ్చింది, పిల్లల చేతులకు గుచ్చుకునేట్టు. లోపలి ఇనుప చట్రం తుప్పు నీళ్లు గద్దె మీదికి కారి ఎర్రటి చార. కడుపులో కందిరీగలు గూడు పెట్టుకున్నాయి. దాన్ని బాగుచేసే దిక్కు లేదు, తీసేసే ధైర్యమూ ఎవరికీ లేదు.

సిమెంటు బొమ్మ ఇంకొంచెం నయం, కానీ లోపలి చువ్వలకు నీళ్లు తగిలితే తుప్పు ఉబ్బి సిమెంటు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. స్టీలు మే నెలలో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, పడమటి ఎండకు ఎదురింటి కిటికీలో అద్దం పట్టినట్టు కొడుతుంది. కంచు అన్నిటికంటే మంచిది. అయితే దాని తుక్కుకు కూడా రేటుంది, కాలనీ పార్కులో రాత్రిళ్లు ఎవరు కాపలా కాస్తారు?

నా ఓటు రాయికే. గ్రానైట్ మన కాళ్ల కిందే ఉంది, నల్లగొండలోనూ పాలమూరులోనూ. క్వారీల్లో సన్న పగులు వల్లనో, రంగులో చార వల్లనో ఎగుమతికి పనికిరాని బ్లాకులు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిలో ఏరుకోవచ్చు. నీళ్లు చల్లి ఆరేదాకా చూడు. రాయంతా ఆరినా సన్నటి గీత ఒకటి తడిగా నల్లగా మిగిలితే అక్కడ పగులు ఉన్నట్టు. తర్వాత సుత్తితో నాలుగు చోట్ల కొట్టమను. ఖంగుమని మోగితే సరే, మొద్దుగా పలికితే ఆ రాయి వదిలెయ్యి. ఇవి నాకు వడ్డెర మేస్త్రీలు నేర్పినవి. ఏ ల్యాబ్ రిపోర్టూ ఇంత తొందరగా చెప్పదు.

గ్రానైట్ గట్టిది కాబట్టి మొత్తం చెక్కించాలంటే ఖర్చు మోయలేరు. రాయిని రాయిలాగే ఉంచి, నడుము నుంచి భుజం ఎత్తు వరకు మాత్రమే పని చేయిస్తే చాలు, చేతులు తగిలేదీ అక్కడే. శిల్పం నేర్పే చోట్లు హైదరాబాద్‌లో ఉన్నాయి, జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్. అక్కడ చదువుకుని బయటికొచ్చిన పిల్లల్లో మన జిల్లా వాళ్లను వెతుకు. అడుగుకు ఇంత అని రేటు చెప్పేవాడి దగ్గరికి మాత్రం పోకు. ఏం చెక్కాలో నువ్వు చెప్పొద్దు, కాలనీని చూపించు, ఒక పూట మనుషులతో మాట్లాడనివ్వు. నా మనసులో మాట అడిగితే, నాగార్జునసాగర్ నుంచి మొదలుపెట్టి దేశంలో ఏ ప్రాజెక్టు కట్టినా పాలమూరు కూలీ చెయ్యి పడింది, మీ ఊళ్లో పార, గంప కంటే పెద్ద గుర్తు ఏముంటుంది? సిమెంటు మర్రిచెట్టు మాత్రం వద్దు. పిల్లలమర్రి ఊరి పక్కనే ఉండగా నకలు ఎందుకు? చిన్న నమూనాకు విడిగా డబ్బులివ్వాలి, నచ్చకపోయినా సరే. ఆ పని ఊరికే చేయించుకోవడం మనకు అలవాటైపోయింది.

ఎనిమిది అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల మందం ఉన్న గ్రానైట్ మూడున్నర టన్నులకు పైనే తూగుతుంది. దింపడానికి హైడ్రా క్రేన్ కావాలి. క్రేను కెపాసిటీ అడిగి ఊరుకోకు, బూమ్, అంటే క్రేను చెయ్యి, చాచినకొద్దీ అది ఎత్తగలిగే బరువు తగ్గుతుంది. ఎంత దూరం నుంచి ఎత్తుతాడో కొలిచి చూపించమను. బరువు విషయంలో తొందర పనికిరాదని మన జిల్లా వాళ్లకు వేరే చెప్పాలా? హుస్సేన్‌సాగర్ బుద్ధుడు మన పాత నల్లగొండ జిల్లా రాయగిరి రాయే, గణపతి స్థపతి చెక్కించాడు. అంత పెద్ద ఏకశిలను అక్కడి నుంచి హైదరాబాద్ దాకా క్షేమంగా తీసుకుపోయి, చివరి కొంచెం దూరంలో, 1990 మార్చి 10న, పడవ ఒరిగి నీళ్లలో పడింది. మనుషుల ప్రాణాలు పోయాయి. మళ్లీ బయటికి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబర్. రాయి దించే రోజు ఎమ్మెల్యే టైమిచ్చాడనో ముహూర్తం దాటిపోతుందనో ఎవరైనా తొందరపెడితే క్రేనును వాపసు పంపించెయ్యి.

మీ దగ్గర ఎక్కువగా ఎర్ర చెల్క, కింద మొరం, అది మంచిదే. నల్లరేగడి ఉంటే వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చి గద్దెను ఒరగదోస్తుంది, గట్టి నేల తగిలేదాకా తవ్వాలి. ఒకప్పుడు కుంటో బావో ఉండి మట్టి పోసిన జాగా అయితే చోటే మార్చు. మిషన్ భగీరథ నీళ్ల పైపు, మోరీ ఎక్కడ పోతున్నాయో లైన్‌మన్‌ను పిలిచి ముగ్గుతో గీయించు. ఎత్తు గద్దె కట్టొద్దు, జానెడు చాలు. కృష్ణ మండలంలో ముడుమాల్ నిలువురాళ్లు చూశావా? మూడు వేల ఏళ్లకు పైబడినవంటారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. పది పద్నాలుగు అడుగుల రాళ్లు, గద్దె లేదు, సిమెంటు లేదు, కొంత భాగం భూమిలో పాతి నిలబెట్టారు. శిల్పంలో ఎక్కడ గుంట పడినా నీళ్లు పోవడానికి దారి ఉండాలి. నిలిచిన నీళ్లలో నాచు పట్టడం అటుంచు, దోమలని మున్సిపల్ కార్పొరేషన్‌కు కంప్లైంటు మీ మీదే పోతుంది.

ముడుమాల్‌లోనే ఒక రాయిని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. మీ రాయికి కూడా ఏదో ఒక శుక్రవారం ఎవరో పసుపు, కుంకుమ పెడతారు. టెన్షన్ పడకు, గొడవ పెట్టుకోకు, కానీ చుట్టూ గ్రిల్లు, పైన రేకులు, హుండీ వరకు పోనివ్వకు. ఫ్లెక్సీలు కట్టడానికి తాడు తగిలించే కొక్కెం గానీ మొన గానీ లేకుండా చూడమని శిల్పికి ముందే చెప్పు.

రోడ్డు వెడల్పు ఎప్పుడైనా రావచ్చు. శ్రీశైలం ముంపులో పోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి నంబరేసి విప్పి, అలంపురంలో మళ్లీ కట్టారు. గుడినే కదిలించగా లేనిది మీ రాయిని కదిలించలేమా? దాని బరువు, లోపల వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్ల కొలతలు, ఎక్కడ బెల్టు వేసి ఎత్తాలో గీసిన డ్రాయింగు, ఇవి ఒక కాపీ కమిటీ బీరువాలో, ఒక కాపీ మున్సిపల్ ఆఫీసులో ఉండాలి.

వసూలైన డబ్బులో పదో వంతు ముట్టుకోకుండా బ్యాంకులో వెయ్యి, కడగడానికీ లైటుకూ ఆ వడ్డీ సరిపోతుంది. ఏడాదికోసారి, వానలు తగ్గాక, మంచినీళ్లతో మెత్తటి బ్రష్‌తో కడిగితే చాలు. యాసిడ్ వద్దు. సిల్వర్ పెయింటు డబ్బా పట్టుకుని ఎవడైనా గేటులోకి వస్తే అక్కడే ఆపెయ్యి.

రంగుల లైట్లు తీసెయ్, పక్క నుంచి ఒక పసుపుపచ్చ లైటు చాలు. కమిటీ వాళ్లు నెమలే కావాలని పట్టుబడితే నా పేరు చెప్పి వెదురుతో ఇరవై అడుగులు కట్టి చూపించు. క్వారీకి పోయే రోజు ముందే ఫోన్ చెయ్యి, నేనూ వస్తా. ఆదివారం పెట్టుకోకు, ఆ రోజు రాయి తిప్పి చూపించడానికి క్వారీలో మనుషులుండరు.

మీ మామ,
నల్లగొండ