అమ్మాయి రాజకీయాల్లోకి వెళ్తానంటోందా? ముందు మీ పర్సు మూయండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. ఇరవై ఏళ్లుగా ఫిలిప్పీన్స్‌లోని దుమగెటెలో వ్యాపారం చేస్తున్నాను. నాది ఇప్పటికీ ఇండియన్ పాస్‌పోర్టే, నా భార్య ఇక్కడి ఆవిడ. మా అమ్మాయికి 19 ఏళ్లు, బీఎస్ నర్సింగ్ రెండో సంవత్సరం. అది మానేసి పొలిటికల్ సైన్స్‌లో చేరుతుందట. ముందు యూత్ కౌన్సిల్, తర్వాత ప్రావిన్స్ బోర్డు, ఆపైన గవర్నర్ అంటోంది. గవర్నర్‌నే కాల్చి చంపిన ప్రావిన్స్ మాది. కాదంటే మాట్లాడటం మానేస్తోంది. తన ఎన్నికలకు 15 లక్షల పెసోలు పక్కన పెట్టగలను. పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, లా: ఈ మూడింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: పోలిక చెబుతాను. కానీ మీ ఉత్తరంలో అసలు మాట ఆ కాల్పులది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక్క ముక్క. అక్కడ గవర్నర్ అంటే మన రాష్ట్ర గవర్నర్ లాంటివారు కాదు. మూడేళ్లకోసారి జనం ఓటేసి ఎన్నుకునే ప్రావిన్స్ పెద్ద. వరసగా మూడు సార్లకు మించి కుదరదు. ఆయన కింద వైస్ గవర్నర్, ఆమె లేదా ఆయన అధ్యక్షతన బోర్డు. మన జిల్లా పరిషత్‌కి నిజమైన డబ్బు, అధికారం ఇస్తే ఎలా ఉంటుందో అలా అనుకోండి.

మీ నెగ్రోస్ ఓరియంటల్ గవర్నర్ రోయెల్ డెగామో సంగతే చూడండి. 2010లో ఆయన గెలిచింది బోర్డు మెంబర్‌గా. గవర్నర్‌గా గెలిచిన ఎమిలియో మసియాస్ ప్రమాణం చేయకముందే చనిపోయారు. వైస్ గవర్నర్ పెర్డిసెస్ పైకి జరిగితే, బోర్డులో మొదటి ర్యాంకులో ఉన్న డెగామో వైస్ గవర్నర్ అయ్యారు. జనవరి 2011లో పెర్డిసెస్ కూడా పోయారు, డెగామో గవర్నర్. 1991 లోకల్ గవర్నమెంట్ కోడ్‌లోని వారసత్వ నిబంధన ఇది. ఖాళీ వస్తే వైస్ గవర్నర్, ఆయన తర్వాత బోర్డులో మొదటి ర్యాంకు మెంబర్. ఆ ర్యాంకును డిస్ట్రిక్టులో నమోదైన ఓటర్లలో ఎంత శాతం ఓట్లు తెచ్చుకున్నారన్నదాన్ని బట్టి లెక్కిస్తారు. కాబట్టి బోర్డు సీటుకు గెలిస్తే చాలదు, ఎంత శాతంతో గెలిచారన్నది కూడా చూసుకోవాలి.

2022లో మరో పాఠం. బ్యాలెట్ మీద రోయెల్ డెగామో పక్కన ‘రుయెల్ డెగామో’ అనే ఇంకో పేరు కనిపించింది. ఆ రెండో మనిషి అసలు పేరు వేరు. ఓట్లు చీల్చడానికి దింపిన ఇలాంటివాళ్లను అక్కడ న్యూసెన్స్ క్యాండిడేట్ అంటారు. ఆ పేరుకు దాదాపు 50 వేల ఓట్లు పడ్డాయి, ముందు ప్రత్యర్థే గెలిచినట్టు ప్రకటించారు. ఎన్నికల సంఘం కొమెలెక్ ఆ ఓట్లను డెగామోకు కలిపాక, అక్టోబరులో గానీ కుర్చీ దక్కలేదు. ఫిబ్రవరి 2023లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. మార్చి 4న పంప్లోనాలోని ఇంటి దగ్గర, సాయం కోసం వచ్చిన జనం మధ్యలోనే ఆయన్ని కాల్చి చంపారు. వాళ్లలో కూడా చాలామంది పోయారు. తర్వాత గవర్నరైన గీడో రెయెస్ అదే ఏడాది మే చివర్లో జబ్బుతో చనిపోయారు. ఆయన స్థానంలోకి వచ్చిన చాకో సగర్బరియా కూడా బోర్డు నుంచి ఎదిగినవారే.

కాబట్టి మీ భయం ఉత్తది కాదు, ‘ఏం కాదులెండి’ అని నేను అనను. అయితే ఆ ప్రమాదం మీ అమ్మాయి ఉన్నచోట లేదు. అది మేయర్, గవర్నర్ కుర్చీల చుట్టూ, కాంట్రాక్టుల చుట్టూ, ఇసుక కంకర పర్మిట్ల చుట్టూ తిరుగుతుంది. ఆ పర్మిట్ మీద సంతకం గవర్నర్‌ది. వచ్చిన పన్నులో ప్రావిన్స్‌కు 30, మునిసిపాలిటీకి 40, బరంగాయ్‌కి, అంటే మన గ్రామ పంచాయతీ లాంటిదానికి, 30 శాతం. పంపాంగా అనే మరో ప్రావిన్స్‌లో ఎడ్ పాన్లిలియో అనే ఫాదర్ 2007లో గవర్నరై, ఆ ఇసుక వసూళ్లను రోజుకు సుమారు 10 లక్షల పెసోలకు పెంచారు. 2010లో ఓడిపోయారు. గవర్నర్‌కు వయసు 23 నిండాలి, బోర్డు మెంబర్‌కూ అంతే. తదుపరి ఎన్నికలు మే 2028లో. రాత్రి నిద్ర మానుకునే తొందరేమీ లేదు.

ఇక ఆ 15 లక్షలు. ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాలి. మీరు ఇండియన్ పౌరులు. అక్కడి ఎన్నికల చట్టం 81వ సెక్షన్ ప్రకారం విదేశీయుడు ఏ అభ్యర్థికీ, నేరుగా గానీ చాటుగా గానీ, సాయం చేయకూడదు, ఖర్చు పెట్టకూడదు. కన్నకూతురికి మినహాయింపు లేదు. నేరం రుజువైతే ఏడాది నుంచి ఆరేళ్ల జైలు, శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. మీరు కొనిచ్చిన టీషర్టుల బిల్లు ఎదుటివాళ్ల చేతికి చిక్కితే మీ ఇరవై ఏళ్ల వ్యాపారం, ఆమె పేరు రెండూ పోతాయి. మన దగ్గర ‘మావాడికి టికెట్ కోసం ఇంత పెట్టాను’ అని పెళ్లిళ్లలో చెప్పుకునే అలవాటును విమానం ఎక్కేటప్పుడే వదిలేయాల్సింది. ఖర్చుకు హద్దు కూడా ఉంది. పార్టీ అభ్యర్థికి ఓటరుకు 3 పెసోలు, పార్టీ లేకపోతే 5. 3 లక్షల ఓటర్ల డిస్ట్రిక్టులో పార్టీ మనిషి 9 లక్షలు దాటకూడదు. 30 రోజుల్లో లెక్క దాఖలు చేయకపోతే గెలిచినా కుర్చీ ఎక్కనివ్వరు. హద్దు దాటేవాళ్లు లేరా అంటే ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరు కాకండి.

యూత్ కౌన్సిల్ మీద నాకు అనుమానాలున్నాయి. సాంగునియాంగ్ కబాతాన్, అందరూ ఎస్‌కే అంటారు. 18 నుంచి 24 ఏళ్లవాళ్లు పోటీ చేయాలి. ‘ఎస్‌కే నుంచి గవర్నర్’ అనే మాట కుర్రకారుకు ఇప్పుడు మంత్రమైంది. బరంగాయ్ నిధిలో 10 శాతం ఎస్‌కేది. అంటే ఇరవై ఏళ్ల పిల్ల చెక్కుల మీద, బాస్కెట్‌బాల్ లీగ్ యూనిఫాంల బిల్లుల మీద సంతకాలు పెడుతుంది. కొటేషన్ సరిగా లేకపోతే ఆడిట్ ఆ ఖర్చును కొట్టేస్తుంది, ఆ డబ్బు కట్టాల్సింది సంతకం పెట్టినవాళ్లే. ఆ కాగితం పదేళ్ల తర్వాత ప్రచారంలో తేలుతుంది. ఎస్‌కే ఫెడరేషన్ అధ్యక్షులకు ప్రావిన్స్ బోర్డులో సీటు ఉంటుంది నిజమే. కానీ ఆ పదవి దగ్గరకు వచ్చేసరికి పెద్ద కుటుంబాల చెయ్యి పడుతుంది. 2016 చట్టం పదవిలో ఉన్నవాళ్ల పిల్లల్ని, తోబుట్టువుల్ని, మనవల్ని ఆపింది. మేనల్లుళ్లు, కజిన్లు దర్జాగా వస్తారు. కామరీనెస్ సుర్ ప్రావిన్స్‌లో 2013లో 24 ఏళ్ల మిగ్జ్ విల్యాఫుయెర్తె గవర్నరయ్యారు, ఓడించింది సొంత తాతనే! ఆ కుర్రాళ్ల వయసు చూసి మనవాళ్లు ఉత్సాహపడతారు, వెనకున్న ఇంటిపేరు చూడరు.

ఇంటిపేరు లేనివాళ్లు రారా? వస్తారు. ఇసబెలా ప్రావిన్స్‌లో గ్రేస్ పదాకా పోలియో వచ్చిన మనిషి, రేడియోలో మాట్లాడే ఆవిడ. 2004లో దశాబ్దాలుగా పాతుకుపోయిన డి కుటుంబాన్ని ఓడించి గవర్నరయ్యారు. కానీ అంతకుముందు ఏళ్ల తరబడి ఆ గొంతు ఇంటింటా వినిపించింది. మీ అమ్మాయికి అలాంటిది నర్సింగ్ ఇస్తుంది. 1991 కోడ్ వచ్చాక ప్రావిన్స్ ఆసుపత్రులు గవర్నర్ చేతిలోకి వచ్చాయి. రాత్రి డ్యూటీలో మందులు ఎందుకు లేవో, వార్డులో మంచం మీద ఇద్దరెందుకో అక్కడి జనం భాష బిసాయాలో చెప్పగలిగే బోర్డు మెంబర్ అరుదు.

సరే, పోలిక. లా చదవడానికి ఏ డిగ్రీ అయినా చాలు, నర్సింగ్‌తో సహా. కాబట్టి దాని కోసం పొలిటికల్ సైన్స్‌కి మారక్కర్లేదు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ బడ్జెట్ చదవడం నేర్పుతుంది, తర్వాత మాస్టర్స్‌గా చేసుకోవచ్చు. బోర్డు పనిలో ఎక్కువ భాగం మునిసిపాలిటీలు పంపే ఆర్డినెన్సులను 30 రోజుల్లో పరిశీలించడం. ఆ గడువు దాటితే అవి చెల్లినట్టే. అందుకే లా పనికొస్తుంది. నర్సింగ్ పూర్తి, లైసెన్సు పరీక్ష, రెండేళ్లు ఉద్యోగం, తర్వాత ఇష్టమైతే లా. ఈ దారిలో ఏ దశలో ఆగినా చేతిలో అన్నం పెట్టే చదువు ఉంటుంది. ఈ మాట ఆమెతో అనండి. ‘వద్దు’ అన్న మాటను మాత్రం కొన్నాళ్లు నోట్లోనే ఉంచుకోండి.

పౌరసత్వం గురించి మీరు అడగలేదు, అడగాల్సింది అదే. తల్లి ఫిలిపినా కాబట్టి అమ్మాయి పుట్టుకతోనే అక్కడి పౌరురాలు. కానీ కౌస్వాగన్ మేయర్ ఆర్నాదో అమెరికా పౌరసత్వం వదులుకుని కూడా ఆ పాస్‌పోర్టు మీదే ప్రయాణాలు చేశారని 2013లో సుప్రీంకోర్టు ఆయన గెలుపును కొట్టేసింది. అమ్మాయి పుట్టినప్పుడు మీరు ఇండియన్ ఎంబసీలో నమోదు చేయించారా, ఆమె పేర ఇండియన్ పాస్‌పోర్టు తీశారా? ఈ వారమే బీరువా తెరిచి చూడండి. ఉంటే దాని మీద ఇక గుంటూరు రానివ్వకండి, అక్కడి లాయర్‌కు చూపించండి. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఒక్కటే ఉంటే అది పౌరసత్వం కాదు. అయినా దాని కాపీ కూడా ఫైల్లో పెట్టండి, ప్రత్యర్థులు ముందు అడిగేది దాని గురించే.